పాతకారులో చల్లదనము

ఇంటిలోని రిఫ్రిజరేటరు ఇరువది యేండ్లు పనిచేసినను దానిలోని శీతలవాయువును మరల నింపవలసిన పని సాధారణముగా కలుగదు. కారులోని శీతలయంత్రము మాత్రము కొన్ని యేండ్లకే మందగించును. రెండింటి సూత్రము ఒక్కటే అయినను ఈ భేదమేల కలిగినది? పాతకారులో చల్లదనము తగ్గినపుడు లోపమెచ్చటనున్నదో తెలిసికొనుటకు ఈ ప్రశ్నయే మొదటి మెట్టు. దీని సమాధానమును మనము చరిత్రలో వెదకవలసియున్నది.

1928లో అమెరికాలో థామస్ మిడ్గ్లీ, ఆయన సహచరులు ఫ్రియాన్-12 అను వాయువు శీతలీకరణమునకు తగినదని గుర్తించిరి. అంతకుముందు వాడుకలోనున్న అమోనియా, సల్ఫర్ డయాక్సైడుల వలె అది విషము కాదు, మండదు. మనుష్యులు కూర్చుండు కారులో సైతము శీతలయంత్రమును అమర్చుటకు దీనివలన వీలు కలిగెను. 1940 నమూనా ప్యాకార్డ్ కారులో తొలిసారిగా కర్మాగారమునందే ఈ యంత్రమును అమర్చిరి. అందు కంప్రెసరునకు క్లచ్ లేదు. చల్లదనము వలదనుకొన్నవారు ఇంజనును ఆపి, మూత తెరచి, బెల్టును ఊడదీయవలసివచ్చెను! 1954లో నాష్ సంస్థ యంత్రమంతయు కారు ముందుభాగముననే ఇమిడ్చి, విద్యుదయస్కాంత క్లచ్‌ను చేర్చెను. తరువాతి కార్లు చాలవరకు ఈ మార్గమునే అనుసరించినవి.

కాని ఒక లక్షణము మాత్రము మారలేదు. రిఫ్రిజరేటరులో మోటారును, కంప్రెసరును ఒకే ఉక్కుపెట్టెలో ఉంచి అతికివేయుదురు. కారులోనో, కంప్రెసరును త్రిప్పునది ఇంజను. కావున ఇరుసు పెట్టె వెలుపలికి రాక తప్పదు. అది వెలువడుచోట ఒక సీలు, ఇంజను అదురును ఓర్చుకొనుటకు రబ్బరు గొట్టములు అవసరమైనవి. ఈ మార్గములనే వాయువు మెల్లమెల్లగా జారిపోవును. ఇది ఆ యంత్రమునకు పుట్టువుతో వచ్చిన గుణము.

ఫ్రియాన్ చౌకగా దొరకిన దినములలో, లీకును వెదకుటకంటె వాయువును మరల నింపుటయే సులభమని పలువురు తలచిరి. ఇట్లు జారిన వాయువు ఎచ్చటికి పోయెను? అది పై ఆకాశమునకు చేరి ఓజోనుపొరను హరించునని 1974లో మొలీనా, రోలండు అను శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. అంటార్కిటికాపై ఆ పొర క్షీణించుచున్నదని 1985లో వెల్లడియయ్యెను. 1987లో మాంట్రియల్ ఒప్పందము కుదిరెను. 1994 నమూనాల నాటికి అమెరికాలోని కొత్తకార్లు ఆర్-134ఎ అను వాయువునకు మారినవి. కొన్ని ఔషధావసరములకు తప్ప, ఫ్రియాన్-12 వంటి వాయువుల తయారీని మన దేశము 2008 ఆగస్టు 1 నాటికి నిలిపివేసినది.

పాతకార్ల కొత్త చిక్కు ఇచ్చటనే మొదలయ్యెను. కొత్తవాయువు పాతయంత్రములోని ఖనిజతైలముతో కలియదు. నూనెను మార్చనిచో కంప్రెసరు అరిగిపోవును. దాని అణువులు చిన్నవగుటచే పాతరబ్బరు గొట్టములగుండ సులభముగా వెలువడును. పాత కండెన్సరు దానికి చాలకపోవుటయు కద్దు. అట్టి కారు, బాటపై సాగునపుడు చల్లగా నుండి, రద్దీలో నిలిచినపుడు వెచ్చబడును.

ఇక పరీక్షాక్రమమును చూతము. మొదట కండెన్సరుపై దుమ్ము, ఫ్యాను వేగము, బెల్టు బిగువు, క్లచ్ పట్టు గమనింపవలెను. గొట్టముల అతుకులవద్ద జిడ్డుమరకలున్నచో లీకు అచ్చటనే ఉండవచ్చును. పిమ్మట మెకానిక్కుచేత యంత్రపు రెండువైపుల పీడనమును కొలిపింపవలెను. రెండును తక్కువైనచో వాయువు తగ్గినదని అనుమానింపవలెను. రెండును హెచ్చైనచో కండెన్సరునకు గాలి చాలలేదనియో, వాయువు మితిమీరినదనియో తలపవలెను. తక్కువగా నుండవలసినచోట హెచ్చుగను, హెచ్చుగా నుండవలసినచోట తక్కువగను ఉన్నచో కంప్రెసరు అరిగియుండవచ్చును. పీడనములు సరిగానున్నను గాలి వెచ్చగా వచ్చుచున్నచో, హీటరు కవాటము పూర్తిగా మూసికొనుచున్నదో లేదో చూడవలెను.

ఆర్-134ఎ ఓజోనుపొరను హరింపదు. కాని భూమిని వేడెక్కించుటలో అది, బరువునకు బరువుగా, బొగ్గుపులుసు వాయువునకు వేయిరెట్లకు మించినది. అందుచేతనే 2016లో కిగాలీలో కుదిరిన సవరణ దాని వాడకమును క్రమముగా తగ్గింపబూనినది. లీకును మాన్పక వాయువును నింపించుట మన డబ్బునకు మాత్రమే నష్టము కాదు. ఓటికుండలో నీరు పోయుటకు ముందు ఓటిని వెదకుట మనము ఎరిగిన తెలివియే. కారు విషయముననూ అదియే చాలును.