జావా పల్లెలో పొలము, పశువు, రాత్రి కావలి



నేడు నేను చెప్పబూనినది దూరదేశపు పల్లెకథ. జావా ద్వీపము ఇండొనీషియా రాజ్యములోనిది. ఆ పేరు వినగానే బోరోబుదూరు స్తూపమును, ప్రంబానన్ దేవాలయమును తలచుకొనువారే యెక్కువ. నాకు మాత్రము అచ్చటి శిల్పములకన్న వరిచేలమీదికి మనసు పోయినది. ఆ చేని కాపునకు భూమి యెట్లు దక్కినది, గొడ్డు యెట్లు నిలిచినది, రాత్రివేళ కన్ను యెట్లు మూతపడినది అను నీ మూడు సంగతులే నేటి ప్రసంగమునకు విషయము.

శకవర్షము 829, అనగా క్రీస్తుశకము 907లో మధ్యజావా నేలిన బలితుంగ మహారాజు రాగిరేకులమీద నొక శాసనము వ్రాయించెను. మంత్యాసిహ్ అను నూరి అధికారులైదుగురికి ‘సీమ’ నొసగిన దానశాసన మది. ఇప్పటి మగెలాంగు పట్టణమువారు తమ యూరి పుట్టుకను ఆ శాసనపు తేదీనుండియే లెక్కించుకొందురు. సంజయునినాటినుండి వచ్చిన రాజుల పేళ్లు వరుసగా నందులో నున్నవి. నేను బడిలో చరిత్ర చెప్పిన నాళ్లలో ఆ వంశావళికొరకే దానిని పేర్కొనుచుండెడివాడను. దానము చేసిన కారణములను చదువుటకు చాలకాలము తీరిక కలుగలేదు. రాజు వివాహకాలమున వారు చేసిన సేవ యొక కారణము. దేవస్థానములకు చేసిన కైంకర్య మొక కారణము. మరియొకటి, కూనింగు అను పల్లెవారు భయముతో బ్రదుకుచుండగా ఈ యధికారులు ఆ బాటను కాచిరట. పదకొండు వందల యేండ్లనాటి రాజశాసనములో ఒక పల్లెవారి భయము నమోదైయున్నది. వంశావళిని పిల్లలచే వల్లె వేయించిన నేను ఆ వాక్యమును ఒక్కమారైనను చదివి వినిపింపనైతిని.

‘సీమ’ యన్న మాట మనదే. అయితే ఆ దేశమున రాజు పన్ను విడిచిపెట్టి, హద్దులు పాతి, స్థిరముగా నొసగిన భూమికే ఆ పేరు. సీమ యేర్పరచునాడు ఊరివారందరియెదుట రాయి పాతి, కోడి మెడ నరికి, గ్రుడ్డును రాతిపై పగులగొట్టి, ఈ సీమను చెరచినవాని గతియు నిట్లేయగునని శపించెడివారు. మన తామ్రశాసనముల చివర నుండు శాపశ్లోకములు మీలో చాలమందికి తెలియును. పండితులు లేని పల్లెలో శ్లోకముకన్న గ్రుడ్డే బాగుగ అర్థమగునని నాకు తోచుచున్నది.

ఇక పల్లెయొక్క కట్టుబాటు. పల్లెను వారు ‘దెస’ యందురు. అది మన ‘దేశ’ శబ్దమే. పెద్దకాపు ‘లురా’. కరణపు పని చేయువాడు ‘చారిక్’. ప్రజలు చాలవరకు మహమ్మదీయులగుటచే పెండ్లి, చావు మొదలగు కార్యములకు ‘మొదిన్’ అను నధికారి యుండును. కావలి చూచువాడు ‘జాగబయ’. జాగ యన మెలకువ, బయ యన భయము. భయము కలిగినపుడు మేలుకొని యుండువాడని పదమే చెప్పుచున్నది. వీరికి జీతము రూకలలో లేదు. ఉద్యోగమున్నంత కాలము అనుభవించుటకు ఊరిపొలములో కొంత భాగము విడిచెడివారు. దానికి ‘బెంకొక్’ అని పేరు. మన కరణముల మాన్యము లెరిగినవారికి ఇంతకన్న వివరింప బనిలేదు.

నీటిపారుదల గల వరిమడి ‘సావా’, మెట్టచేను ‘తెగల్’, ఇంటిచుట్టు కొబ్బరి, పనస, అరటి పెంచు దొడ్డి ‘పెకరాంగన్’. ఇల్లు, దొడ్డి కాపు సొంతము. సావా మాత్రము పెక్కు సీమలలో ఊరి యుమ్మడి సొత్తు. దానిలో వంతు గలవానిని ‘గొగొల్’ అని కొన్నిచోట్ల, ‘సికెప్’ అని కొన్నిచోట్ల పిలిచెడివారు. కొన్ని యూళ్లలో ఆ వంతులు కాలక్రమమున చేతులు మారుచుండెను. వంతున్నవాడే బాట వేయవలెను, కాలువ త్రవ్వవలెను, రాత్రి కావలికి పోవలెను. పెద్దకాపు నెన్నుకొనుటకు నోరున్నదియు వానికే. పొలము లేక ఒరుల దొడ్డిలో గుడిసె వేసికొన్న ‘నుంపాంగు’నకు ఆ బరువులు లేవు, నోరును లేదు. గ్రామమన నందరిదను మాటను నేను చిన్ననాటినుండి వినుచున్నాను. జావాపల్లె లెక్కలో ఆ ‘అందరు’ ఎవరో స్పష్టముగా నుండెను.

వారసత్వమున వారి మాటయొకటి నాకు మిక్కిలి యింపైనది. ‘సెపికుల్ సెగెందొంగ్’ అందురు. పికుల్ అనగా కావడి. దానికి రెండువైపుల రెండు బుట్టలు. గెందొంగ్ అనగా ఆడుది వీపున గుడ్డతో కట్టుకొని మోయు ఒక్క మూట. కొడుకు కావడియెత్తు, కూతురు మూటయెత్తు తీసికొనవలెనట. అనగా రెండు పాళ్లు, ఒక పాలు. మహమ్మదీయ ధర్మశాస్త్రపు లెక్క యిదియే యైనను పల్లెవారు దానిని కావడిబుట్టలోనికి దింపుకొనిరి. సమానముగా పంచు కుటుంబములును పెక్కు కలవు. పెండ్లియైన తరువాత ఆలుమగలు కూడి గడించినది ‘గొనొగిని’. విడిపోయినపుడు ఆలికి అందులో భాగము తప్పక రావలెను. సంతకు పోయి బేరమాడి రూకలు దాచునది జావాలో ఆడుదియే యగుటచే ఈ నియమము కాగితమునకే పరిమితము కాలేదు.

ఇపుడు మన దేశముతో ముడిపడిన సంగతి. 1811లో ఇంగ్లీషువారు హిందూదేశమునుండి సేనలు నడపి జావాను డచ్చివారినుండి పట్టుకొనిరి. ఆ దండుతో పోయినవారిలో కర్నల్ కాలిన్ మెకంజీ యొకడు. కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సాయముతో మన యూళ్ల కైఫీయతులు సేకరింపించిన మెకంజీయే యితడు. అచ్చట నున్న రెండేండ్లలో భూమి యెవరిది, పన్నెంత యను విషయము విచారించు సంఘమునకు అధ్యక్షుడైనాడు. అప్పటి పాలకుడు రాఫిల్సు. దత్తమండలములలో మన్రో నడపిన రైతువారీ పద్ధతియొక్క ఛాయనే అతడు జావాలో ప్రవేశపెట్టెను. 1813లో ప్రకటించిన ఆ ఏర్పాటున మంచి వరిమడికి పంటలో సగము, నడితరమునకు అయిదింట రెండుపాళ్లు, తక్కువదానికి మూడవపాలు పన్ను. భూమి ప్రభుత్వముది, కాపు కౌలుదారుడు అనునది దానికి మూలము. కొలత లేని పొలమునకు పన్నెట్లు కట్టుదురు? చివరకు ఊరిపెద్ద చెప్పినదే లెక్క. 1816లో తిరిగివచ్చిన డచ్చివారు ఆ పన్నును ఉంచి, కాపుతో గాక ఊరితోనే బేరము కుదుర్చుకొనిరి.

1830లో వాన్‌డెన్‌బాష్ అను గవర్నరు ఇంకొక యేర్పాటు తెచ్చెను. ఊరు తన పొలములో అయిదవపాలు చెరకునకో నీలిమందునకో విడువవలెను. పొలము లేనివాడు ఏడాదికి 66 దినములు పని చేయవలెను. కాగితముమీద న్యాయముగానే కనబడును. జరిగినది వేరు. ఎంత సరకు చేరినదో దానినిబట్టి డచ్చి యుద్యోగికిని, జావా దొరలకును, ఊరిపెద్దకును బహుమాన ముండెను. అందుచే అయిదవపాలు మూడవపాలైనను అడ్డుచెప్పువాడు లేడు. బరువు పంచుకొనుటకై వంతులు మరింత చిన్నవి చేసి, మునుపు వంతు లేనివారికి సైతము పొలము కట్టబెట్టిన యూళ్లున్నవి. ఉమ్మడి పొలము పురాతన సమత్వమని మెచ్చుకొనువారు ఈ సంగతిని మరువరాదు. 1849, 1850 సంవత్సరములలో దెమాక్, గ్రొబొగన్ సీమలు క్షామమున పాడుపడినవి. చచ్చినవారు చావగా తక్కినవారు ఊళ్లు విడిచి పోయిరి. ఆ సీమలు ఎడారులు కావు, వరి పండు నేలలు.

1870 భూమిచట్టము ఒక మేలు చేసినది. జావా కాపు భూమిని పరదేశీయుడు కొనరాదు. కౌలునకు మాత్రము తీసికొనవచ్చును. భూమి పేరు కాపుదిగనే నిలిచెను. నీరు, మడి, కూలి మాత్రము చక్కెర కంపెనీల గడియారము ననుసరించి నడిచినవి. కోపము వచ్చినవాడు రాత్రివేళ చెరకుతోటకు నిప్పుపెట్టి పోయెడివాడు.

రాత్రి యనగనే పశువు జ్ఞప్తికి వచ్చుచున్నది. పశువులను వారు ‘రాజకాయ’ మందురు; కాపునకు దున్నపోతే దొరతనమని కాబోలు. పంతొమ్మిదవ శతాబ్దమున పశువుల దొంగతన మొక వ్యాపారముగ నడిచినది. గొడ్డు పోయినవాడు ఠాణాకు పోయెడివాడు కాడు. ‘జాగో’ యను పేరుగల మొనగాని యొద్దకు పోయి కొంత సొమ్ము సమర్పించెడివాడు. కొన్ని దినములకు గొడ్డు ఎచ్చటనో కట్టివేయబడి కనిపించెడిది. జాగో యనగా కోడిపుంజు. దొంగల జట్టును నడపువాడు వాడే, ఊరిపెద్దకు చేయి వాడే, ఒక్కొక్కచోట కావలికి కుదిరినవాడును వాడే. పెద్దకాపు దొంగను పోషించుట యేమని మనకు రోత పుట్టును. కాని పొరుగూరి జాగోనుండి తన యూరిని కాపాడుకొనుటకు అతనికి వేరొక దారి తోచలేదు. వీరుగాక, దివిటీలు పట్టుకొని జట్టుగా ఇండ్లమీద పడు దొంగలు ‘కెచు’లు సురకర్త, యోగ్యకర్త సంస్థానములలో పల్లెలను గడగడలాడించిరి. పడమటి జావాలో, లెబాక్ సీమయందు, దొరలే కాపుల దున్నపోతులను ఊరక తోలుకొనిపోవుట చూచి మనసు విరిగిన డచ్చి యుద్యోగి యొకడు కొలువు విడిచి 1860లో ‘మాక్స్ హావెలార్’ అను గ్రంథము ప్రకటించెను. అది యూరపును కదిలించినది.

ఈ భయములకు పల్లెవారి విరుగుడు ‘కెంతొంగన్’. పనసమానునో వెదురునో తొలిచి, నిలువునా చీలిక వేసి, కావలిపాకయొద్ద వ్రేలాడగట్టిన దరువుమాను. రాత్రి నలుగురైదుగురు వంతులవారీగా మేలుకొని ఊరు తిరుగుదురు. ఆపద వచ్చినపుడు దరువు మాటలాడును. చాలచోట్ల రెండేసి దెబ్బలు దొంగకు, మూడేసి అగ్నికి, నాలుగేసి వరదకు, అయిదేసి పశువుల దొంగతనమునకు గురుతు. ఒకయూరి మ్రోత విని పక్కయూరు అందుకొనును. మా చిన్ననాట మా యూరి తలారి వేయు కేక నాకు జ్ఞాపకమున్నది. ఆ కేకకు భాష లేదు, హెచ్చరిక మాత్రమే యుండెను.

ఆ కావలి కాపాడని దినములును వచ్చినవి, అవి చెప్పక తీరదు. స్వతంత్ర ఇండొనీషియా 1960లో భూమిచట్టము చేసి, మిక్కిలి జనసమ్మర్దముగల సీమలలో ఒక కుటుంబమునకు వరిమడి 5 హెక్టార్లు, అనగా పండ్రెండెకరములకు మించరాదనెను. అమలు సాగలేదు. 1964 ప్రాంతమున కమ్యూనిస్టు రైతుసంఘములవారు తామే పొలములోనికి దిగిరి, భూమిగలవారు ఎదిరించిరి. 1965 చివర రాజధానిలో తిరుగుబాటు విఫలమైన తరువాత సైన్యమును, దానితో కలిసిన జట్లును కమ్యూనిస్టులనిపించుకొన్నవారిని చంపిరి. దేశమంతట చచ్చినవారు 5 లక్షలని చాలమంది చెప్పు లెక్క. మధ్యజావా, తూర్పుజావా పల్లెలు అందులో ముఖ్యమైనవి. పేళ్లు చూపినవారిలో పొరుగువారుండిరి. ఇది దూరదేశపు దొంగ చేసిన పని కాదు. అప్పుడు ఏ దరువు, ఎన్నేసి దెబ్బలు కొట్టవలెను?

తరువాత 1970 దశకమున కురుచవరి వంగడములు వచ్చినవి. అంతకుముందు ‘అనియని’ అను చిన్నకత్తిని వ్రేళ్లసందున ఇముడ్చుకొని ఆడువారు ఒక్కొక్క వెన్నునే కోసెడివారు. వరిదేవతయైన దేవిశ్రీ బెదరకుండవలెనని అట్లు చేసెడివారు. కోతకు వచ్చిన ప్రతి స్త్రీకిని పంటలో పాలు దక్కెడిది. అది పొలము లేనివారి హక్కువంటిది. కొడవలియు, పైరుమీదనే పంటకొను వర్తకుడును రాగా ఆ పాలు క్షీణించినది.

దరువుమాను మాత్రము ఇంకను వ్రేలాడుచునే యున్నది. కావలివారు తిరుగు వేళకు ఒక్కొక్క గడపయొద్ద చిన్న డబ్బాలో పిడికెడు బియ్యము పెట్టియుంచుట పెక్కు పల్లెల యాచారము. ‘జింపితన్’ అని దానిపేరు. దానిని పోగుచేసి ఊరి ఖర్చులకు, కష్టములోనున్న యింటికి వాడుదురు. డబ్బా ఖాళీగా నున్నయెడల కావలివారు దానిని గమనింతురు. ఆ యింట నేమైన జబ్బా, పస్తా యని మరునాడు విచారింతురు. ఇప్పుడు కొన్ని చోట్ల బియ్యమునకు బదులు నాణెములు వేయుచున్నారు.