అల్పవ్యయ భయహాస్య చిత్రాలు – ప్రేక్షకాభిప్రాయభేదం: ఒక చారిత్రక పరిశీలన

కీలకపదాలు: స్పూఫ్, పేరడీ, భయానక చిత్రం, అల్పవ్యయ నిర్మాణం, రసాభాస, రోజర్ కోర్మన్

భయానక చిత్రాలను ఆటపట్టిస్తూ తక్కువ ఖర్చుతో తీసే సినిమాల విషయంలో ప్రేక్షకులు మధ్యేమార్గం పాటించడం అరుదు. ఒకరు పదేపదే చూసే చిత్రం నుంచి మరొకరు పావుగంటకే లేచిపోతారు. లోకో భిన్నరుచిః అని దీన్ని సరిపెట్టుకోవచ్చు. కాని ఈ చిత్రాల చరిత్రను గమనిస్తే తగవు నవ్వు దగ్గర గాక, చవకదనం దగ్గర మొదలవుతున్నట్లు తోస్తుంది. తెరమీద కనిపించే లేమిని చూసినప్పుడు మనం ఎవరిని చూసి నవ్వుతున్నామన్నదే అసలు ప్రశ్న.

శృంగారానుకరణమే హాస్యమని భరతుడు చెప్పగా, అభినవగుప్తుడు ఆ మాటను విస్తరించి ఏ రసానికైనా ఆభాస ఏర్పడితే అది హాస్యానికి దారితీస్తుందన్నాడు. భయానకాభాసకు ఇది చక్కగా అన్వయిస్తుంది. ఆ ఆభాస కవి కోరి కల్పించినదా, చేతగాక ఏర్పడినదా అన్న సందేహం మాత్రం సినిమా విషయంలో మరింత చిక్కుపడుతుంది. అట్టముక్కతో చేసిన రాక్షసుడు ఛలోక్తి కావచ్చు, డబ్బు లేకపోవడమూ కావచ్చు.

అమెరికన్ దర్శకనిర్మాత రోజర్ కోర్మన్ 1959లో ‘ఎ బకెట్ ఆఫ్ బ్లడ్’ చిత్రాన్ని ఐదు రోజుల్లో, సుమారు 50,000 డాలర్లతో తీశాడు. కాఫీ హోటల్లో బల్లలు తుడిచే వాల్టర్ పైస్లీకి అక్కడికి వచ్చే కళాకారుల మెప్పు పొందాలని తపన. పొరపాటున చనిపోయిన పిల్లికి బంకమట్టి పూసి శిల్పమని చూపితే అందరూ జేజేలు పలుకుతారు. ఆ తరువాత మట్టి కింద చేరేవి మనుషుల దేహాలే. మరుసటి ఏడాది వచ్చిన ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ మరింత పొదుపైనది. మరో చిత్రానికి వేసి కూల్చకుండా వదిలిన సెట్‌లో ప్రధాన చిత్రీకరణ రెండు పగళ్లు, ఒక రాత్రిలో ముగిసింది. ఖర్చు 30,000 డాలర్లకు అటూ ఇటూ. రెండింటికీ రచయిత చార్లెస్ గ్రిఫిత్. రక్తం తాగే మొక్కకు గొంతు ఇచ్చినదీ ఆయనే.

పేదవాడలోని పూలకొట్టులో పనిచేసే సీమోర్ ఆ మొక్కను పెంచుతాడు. అది పెరిగేకొద్దీ గిరాకీ పెరుగుతుంది, దాని ఆకలీ పెరుగుతుంది. ఉద్యోగం నిలవాలంటే ఎవరినో ఒకరిని దానికి మేతగా వెయ్యాలి. ఈ రెండు కథల్లోనూ నాయకుడు చిన్న జీతగాడే. గుర్తింపు కోసమో కొలువు కోసమో వాడు హంతకుడవుతాడు. చిత్రబృందం కూడా తక్కువ ఖర్చుతో, గడియారం చూసుకుంటూ పనిచేసినదే కనుక నిర్మాణంలోని లేమి, కథలోని లేమి ఒకే జాతివి. అందువల్లే ఇక్కడి వెక్కిరింతలో పైనుంచి చూసే చూపు లేదని నా అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి అడ్డుపడే సంగతి ఒకటుంది. కొట్టు యజమాని మష్నిక్ వంటి పాత్రలను యూదులపై ఎగతాళిగా భావిస్తారేమోనన్న జంకుతో కొందరు పంపిణీదారులు వెనుకాడారు. ఆ జంకును అకారణమని తోసిపుచ్చలేం. యాసను పట్టుకుని నవ్వించడం మన తెరకూ కొత్త కాదు.

ఈ చిత్రానికి హక్కుల రక్షణ తీసుకోకపోవడంతో అది అందరి సొత్తయింది. టెలివిజన్‌లో పదేపదే ప్రసారమైంది. దంతవైద్యుని దగ్గర నొప్పిని ఆనందించే రోగిగా చిన్న వేషం వేసిన జాక్ నికల్సన్ పెద్ద తార అయ్యాక, ఆయన పేరుతోనే అమ్ముడయింది. 1982లో సంగీత నాటకంగా, 1986లో ఫ్రాంక్ ఆజ్ దర్శకత్వంలో సుమారు 2.5 కోట్ల డాలర్ల చిత్రంగా మళ్లీ వచ్చింది. 1986 చిత్రంలో నాయికానాయకులు చనిపోయే ముగింపును ముందస్తు ప్రదర్శనల ప్రేక్షకులు ఒప్పుకోకపోవడంతో మార్చి తీశారు. కోర్మన్ చిత్రంలో సీమోర్ మొక్కకే బలవుతాడు. పెట్టుబడి లేనివాడికి నాయకుణ్ణి చంపే స్వేచ్ఛ ఉంటుంది కాబోలు.

1978 నాటి ‘అటాక్ ఆఫ్ ది కిల్లర్ టొమాటోస్’ ధోరణి వేరు. లక్ష డాలర్ల లోపు ఖర్చుతో, చెత్తగా ఉండాలనే తీసిన చిత్రమిది. చిత్రీకరణలో హెలికాప్టర్ నిజంగానే కూలిపోతే ఆ దృశ్యాన్నీ సినిమాలో వాడుకున్నారు. 1980లో మెడ్వెడ్ సోదరుల ‘గోల్డెన్ టర్కీ అవార్డ్స్’ పుస్తకం పాత నాసిరకం చిత్రాల సరసన దీనినీ ఎగతాళి చేసింది. తనను తాను ఎరిగిన కృత్రిమత అమాయకమైన కృత్రిమతంత తృప్తినివ్వదని సుసాన్ సొంటాగ్ 1964లోనే అన్నది. వైఫల్యాన్ని అభినయించేవాడికి ఓడిపోయే ప్రమాదం లేదు. ఈ చిత్రం నాకు విసుగు పుట్టించడానికి కారణం అదే.

ఆ ప్రమాదాన్నే కథావస్తువు చేసుకున్నది జపాన్ చిత్రం ‘వన్ కట్ ఆఫ్ ది డెడ్’ (2017). షినిచిరో ఉఎదా దీనిని దాదాపు 30 లక్షల యెన్లతో తీస్తే 300 కోట్ల యెన్లకు పైగా వసూలయింది. తొలి 37 నిమిషాలు ఒకే షాట్‌గా సాగే నాసిరకం శవాల చిత్రం. అక్కడే లేచిపోయినవారికి అది నాసిరకమే. కూర్చున్నవారికి ప్రతి తడబాటు వెనుకా ఉన్న శ్రమ తరువాత విప్పి చూపిస్తారు. ప్రేక్షకులను చీల్చే గీతను దర్శకుడు సినిమా మధ్యలోనే గీశాడన్నమాట.

తెలుగులో పేరడీకి జరుక్ శాస్త్రి తెచ్చిన గౌరవం సాహిత్యంలో నిలిచింది. సినిమాలో ఆ గౌరవం ఇంకా రాలేదు. ‘ప్రేమకథా చిత్రమ్’ (2013) తరువాత ‘గీతాంజలి’ (2014), ‘రాజుగారి గది’ (2015) వంటి భయహాస్య చిత్రాలు వరుసకట్టాయి. ఒక ఇల్లు, కొద్దిమంది నటులు, చీకటి అంటే చిన్న నిర్మాతకు ఖర్చు ఎంత కలిసివస్తుందో వేరే చెప్పనక్కరలేదు. మూస అన్న విమర్శ ఈ ఒరవడికి చాలావరకు తగినదే.

వీటిలో మహి వి. రాఘవ్ దర్శకత్వంలో వచ్చిన ‘ఆనందో బ్రహ్మ’ (2017)ను విడిగా చూడాలి. అందులో డబ్బు అవసరమున్న నలుగురు దయ్యాల ఇంట్లో ఉండడానికి ఒప్పుకుంటారు. ఒక్కొక్కరికి ఒక్కో బలహీనత. దయ్యాలు తమ జాతికి తెలిసిన విద్యలన్నీ ప్రయోగిస్తాయి. అవేవీ ఆ మనుషులమీద పారవు. చివరికి బెదిరేది దయ్యాలే.