తిరిగి వచ్చిన నెత్తురు

మర్కూకు వద్ద పంపులు 2020 మే 29వ తేదీన గోదావరి జలమును కొండపోచమ్మ సాగరములోనికి ఎత్తిపోసినవి. బీడువడిన నేలకు నీరు చేరినందువలన కీడు కలుగునని ఏ రైతును శంకింపడు. మెదడు విషయమునను చిరకాలము ఇట్లే తలచిరి. అడ్డుపడిన నెత్తురు మరల ప్రవహించినచో ఆపద తీరినట్లేయని నమ్మిరి. ఆ నమ్మకము సగమే నిజము. అది తేలిన చరిత్రలో తొలి పుట వ్రాసినవారిలో భీమవరమున జన్మించిన తెలుగువాడొకడు కలడు.

ఎల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలసి కండలలోని భాస్వర పదార్థములను వెదకుచు 1929లో ఏ.టి.పి.ని ప్రకటించిరి. అదే యేడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడ దానిని కనుగొనెను. జీవకణము తన పనులన్నిటికి వెచ్చించు రొక్కము అదియే. మెదడు బరువు శరీరములో నూటికి రెండు పాళ్లు. అది వాడుకొను ప్రాణవాయువు నూటికి ఇరువది పాళ్లు. అయినను దానికి నిలువ లేదు. నెత్తురు పూర్తిగా ఆగిన కొలది నిమిషములలోనే ఏ.టి.పి. హరించుకొనిపోవును, కాల్షియము కణములోనికి చొరబడును, కణము ఉబ్బును.

ఇది కరవు కథ. వరద కథ వేరు. 1938లో మాన్, కెయిలిన్ అనువారు ఎద్దు నెత్తురునుండి రాగిగల ప్రోటీను నొకదానిని వేరుచేసిరి. దాని పని యేమో ముప్పది యేండ్లు తెలియలేదు. 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ ఆ గుట్టు విప్పిరి: ప్రాణవాయువునుండి పుట్టు సూపరాక్సైడు అను దుడుకు పదార్థమును అణచుటయే దాని పని. విషము సంగతి యెరుగకయే విరుగుడును సీసాలో దాచుకొన్నట్లయినది! నెత్తురాగిన వేళ ఏ.టి.పి. విరిగి హైపోజాంథీనుగా పోగుపడుననియు, నెత్తురు తిరిగి రాగానే ఆ పోగునుండియే సూపరాక్సైడు వెల్లువగా పుట్టుననియు 1985లో మెకార్డ్ వాదించెను. మెదడులో నేరమంతయు ఈ యొక్క మార్గమునకే అంటగట్టరాదు. మైటోకాండ్రియాలకును, తెల్లకణములకును అందు భాగము కలదు.

ఇక విరుగుడు మందు ఇచ్చిన చాలునని ఉత్సాహపడిరి. జపాను 2001లో ఎడరవోను అను మందును పక్షవాతమునకు అనుమతించెను. కాని ఎన్.ఎక్స్.వై.-059 అను మరొక మందు 2006లో వెలువడిన పరీక్షాఫలితములలో ఆశ చూపి, మూడువేలకు మించిన రోగులపై జరిపిన రెండవ పరీక్షలో 2007 నాటికి విఫలమయ్యెను. ఎలుకలలో గెలిచినది మనుష్యులలో ఓడుట వింతగాదు. ప్రయోగశాలలో ఎలుకకు జబ్బు పుట్టిన క్షణము తెలియును; మన యింట ఆ క్షణమును గమనించువారెవరు?

మూతి వంకరపోయి, చేయి వాలి, మాట తడబడిన మనిషిచేత ఆంటీఆక్సిడెంటు మాత్రలు మ్రింగింపజూచుట వ్యర్థము. మ్రింగుట చేతగానివానికి ప్రమాదము కూడ. గడ్డను కరగించు మందునకు అమెరికాలో 1996లో అనుమతి లభించినపుడు గడువు మూడు గంటలు. 2008 నాటి ఐరోపా పరీక్ష దానిని నాలుగున్నర గంటలకు పెంచెను. ఆ లెక్క ఆసుపత్రి గడప తొక్కినది మొదలుకొని కాదు. రోగి బాగుగ నున్నట్లు ఇంటివారు కడపట చూచిన వేళనుండి.