ఎలుక వీపు మీద చెవి - డెమోకీ ప్రొడక్షన్‌కీ మధ్య దూరం

వీపు మీద మనిషి చెవితో ఉన్న ఎలుక ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. అప్పట్లో ఈమెయిల్ ఫార్వర్డుల్లో తెగ తిరిగింది. 1999లో జన్యుమార్పిడికి వ్యతిరేకంగా న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక పెద్ద ప్రకటనలో కూడా ఇదే ఫోటో. తమాషా ఏంటంటే, ఆ చెవిలో మనిషి కణం ఒక్కటి కూడా లేదు, దాన్ని పెంచడానికి జన్యువుల్ని ఎవరూ మార్చలేదు!

మరి అదేంటి? చెవి డొప్పలో, ముక్కు కొసలో ఉండే మెత్తటి ఎముకే మృదులాస్థి. దీనికి రక్తనాళాలుండవు. అందుకే ఒకసారి పాడైతే మళ్ళీ బాగుపడదని 1743లోనే విలియం హంటర్ అనే లండన్ డాక్టరు రాసేశాడు. ఇంజినీర్లకి మాత్రం ఇదే కలిసొచ్చింది. రక్తం సరఫరా గొడవ లేదు కాబట్టి ముందు దీన్నే పెంచి చూడొచ్చు. సర్జన్ జోసెఫ్ వకాంటి, ఎమ్ఐటీ కెమికల్ ఇంజినీరు రాబర్ట్ లాంగర్ కలిసి 1993లో సైన్స్ పత్రికలో ఈ దారి ఏమిటో వివరించారు. ఒంట్లో కరిగిపోయే పాలిమర్‌తో ఒక చట్రం కట్టాలి, దానిమీద కణాలు చల్లాలి. కణాలు ఇల్లు కట్టుకునేసరికి సారువ కరిగిపోతుందన్నమాట.

1997లో జోసెఫ్ సోదరుడు చార్లెస్, చైనా సర్జన్ యీలిన్ కావో తదితరులు అచ్చుకి మూడేళ్ళ పిల్లవాడి చెవి ఆకారం తీసుకుని, దూడ మృదులాస్థి కణాలతో చేసిందే ఆ ఫోటోలో ఉన్నది. ఎలుకకి రోగనిరోధక శక్తి లేదు కాబట్టి దూడ కణాల్ని తిప్పికొట్టలేదు. అంటే మన భాషలో ఫైర్‌వాల్ ఆపేసి చూపించిన డెమో. మామూలు జంతువుల్లోనేమో కరుగుతున్న పాలిమర్‌కి వాపు వచ్చి, పెరగాల్సిన కణజాలం దెబ్బతినేది.

ఈలోగా ఒకాయన డెమోని నేరుగా ప్రొడక్షన్‌లోకి తోసేశాడు. 2011లో స్వీడన్ కరోలిన్స్కాలో పావొలో మక్కియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ శ్వాసనాళానికి రోగి ఎముకమజ్జ నుంచి తీసిన మూలకణాలు పట్టించి మనిషికి అమర్చాడు. జంతువుల మీద సరైన పరీక్షలే లేవు. ప్రపంచమంతా చప్పట్లు! అక్కడ అలా ఆపరేషనైన ముగ్గురూ తర్వాత చనిపోయారు. 2014లో నలుగురు తోటి డాక్టర్లు ఫిర్యాదు చేస్తే పెద్దలు మొదట ఆయన్నే వెనకేసుకొచ్చారు. 2016లో ఉద్యోగం పోయింది, 2018లో లాన్సెట్ రెండు పేపర్లు వెనక్కి తీసుకుంది, 2023లో అప్పీలు కోర్టు రెండున్నరేళ్ళ జైలుశిక్ష వేసింది.

చెవి వాళ్ళు మాత్రం తొందరపడలేదు. 2018లో, అంటే ఎలుక తర్వాత 21 ఏళ్ళకి, చైనాలో ఒకవైపు చెవి సరిగా ఏర్పడని ఐదుగురు పిల్లలకి వాళ్ళ సొంత కణాలతోనే పెంచిన చెవులు అమర్చిన సంగతి బయటపెట్టారు. ఆ బృందంలోనూ యీలిన్ కావో ఉన్నాడు! ఇద్దరి చెవులు కొంచెం వంకర పోయాయని కూడా దాచకుండా రాశారు. ఇప్పటికీ ఎక్కువమంది సర్జన్లు పక్కటెముక మృదులాస్థిని కోసి, చెక్కే చెవి చేస్తున్నారు.

సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ ఎగ్గొడితే రాత్రికి రాత్రి రోల్‌బ్యాక్ చేసుకుంటాం. ఇక్కడ రోల్‌బ్యాక్ లేదు. కాబట్టి "మూలకణాలతో కొత్త అవయవం" అని ఎవరైనా వార్త పంపిస్తే మూడు ప్రశ్నలు అడగండి: ముందు ఏ జంతువులో పెట్టి చూశారు? దానికి రోగనిరోధక శక్తి ఉందా? ఎన్నేళ్ళు గమనించారు? జవాబులు లేకపోతే చప్పట్లు కాసేపు ఆపుకుందాం.