విత్తనపు సొమ్ము - ప్రశ్న ఎవరిది?

తెలంగాణ పల్లెల్లో గింజలు లేని ఇంటికి నాగు అంటే తెలుసు. తొలకరికి ముందు గింజలున్న ఆసామి దగ్గర తెచ్చుకోవాలె, కళ్లంలో తెచ్చినదానికి మించి కొలిచి ఇయ్యాలె. గింజలిచ్చినవాడి పెత్తనం గింజలతో ఆగదు. చెలకలో ఏం వెయ్యాలో, కళ్లంలో ముందు ఎవరు కొలుచుకోవాలో కూడా అతనే చెప్తడు. సామాజిక శాస్త్రాల్లో 'సీడ్ ఫండింగ్' అనే మాట వింటే మాకు ముందు ఇదే గుర్తుకొస్తుంది. రెండు దేశాల పరిశోధకులు కలిసి పని మొదలుపెట్టడానికి ఇచ్చే తొలి చిన్న మొత్తం అది. ఆ డబ్బుతో ఒకసారి కలుస్తారు, ఊళ్లు ఎంచుకుంటారు, ప్రశ్నలు రాసుకుంటారు. పెద్ద గ్రాంటు తర్వాత వస్తుంది. అది వచ్చేనాటికి ప్రశ్న ఖాయమైపోయి ఉంటుంది. తొలి సొమ్ము ఎవరి చేతిలో ఉంటే ప్రశ్న వాళ్లదే అవుతుందని మా వాదన. దీనికి మన చుట్టుపక్కల చరిత్రే సాక్ష్యం.

1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే బృందం హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అధ్యయనం చేసింది. 1955లో 'ఇండియన్ విలేజ్' పుస్తకం లండన్‌లో అచ్చయింది. దానికి ముందుమాట రాసింది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మోరిస్ ఆప్లర్. ఆ పుస్తకంలో మాలలున్నారు, మాదిగలున్నారు, వాళ్ల వృత్తులు, వాళ్ల మధ్య తగాదాలు ఉన్నాయి. తెలంగాణ పల్లె ప్రపంచానికి తెలిసింది చాలామటుకు ఆ పుస్తకంతోనే. కానీ అందులో మనవాళ్లు చూడబడినవాళ్లే, చూసినవాళ్లు కారు.

మా నవాబుపేట నుంచి శంకరపల్లి మీదుగా పోతే పటాన్‌చెరు వస్తుంది. ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లు ముందుండి 1971లో నిలబెట్టిన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన కూటమి 1972లో అక్కడ ఇక్రిశాట్‌ను పెట్టింది. మా చెలకల్లో పండే జొన్న, కంది ఆ సంస్థ పంటలే. 1975లో ఆ సంస్థ ఆర్థికవేత్తలు ఆరు ఊళ్లలో ఇంటింటి లెక్కలు రాయడం మొదలుపెట్టారు. అందులో రెండు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు. మిగతా నాలుగు మహారాష్ట్రవి. ఊరికి నలభై ఇండ్లు: పది భూమిలేని కూలీలవి, ముప్పై రైతులవి. మొత్తం 240 ఇండ్లు. ఊళ్లోనే కాపురముండే పరిశోధక సిబ్బంది మూడు నాలుగు వారాలకోసారి గడప గడపకూ పోయి కూలి ఎంత, పంట ఎంత, అప్పు ఎంత అని రాసుకున్నారు.

ఇది చిన్న పని కాదు. కూలి రేట్ల మీద, అప్పుల మీద ఇంత ఓపికగా రాసిన లెక్కలు అరుదు. మనం కూడా వాటిని వాడుకోవాలె. కానీ ఇండ్లను ఎంచింది భూమి లెక్కన. కులం ఒక గడిగా నమోదైంది తప్ప, ఇండ్లు ఎంచే సూత్రం కాలేదు. ఆ లెక్కలు తీసుకుని అమెరికా ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో 'ఎకనామెట్రికా' పత్రికలో పేరుపొందిన వ్యాసం రాశారు. మూడు ఊళ్ల లెక్కలు చూసి, ఒక ఇంటి రాబడి పడిపోయినా ఆ ఇంటి ఖర్చు ఊరి సగటుతో పాటే నడుస్తోందని, అంటే ఊరు ఒకరినొకరు కాచుకుంటోందని తేల్చారు. భూమిలేనివాళ్లకు ఆ కాపుదల తక్కువని ఒక ఊళ్లో కనిపించింది. వాడలో పుట్టినవాళ్లయితే అక్కడినుంచే మొదలుపెట్టేవాళ్లు. ఊరు కాచుకుంటుంది సరే, ఎవరిని? ఏ వెట్టికి బదులుగా?

ప్రశ్న మారితే ఏం తేలుతుందో చూపిన పని కూడా మన దేశంలోనే జరిగింది. సుఖదేవ్ థోరట్ తదితరులు 2003లో ఢిల్లీలో దళిత అధ్యయనాల సంస్థను పెట్టారు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేశారు. 2007లో థోరట్, పాల్ ఆటెవెల్ అచ్చువేసిన అధ్యయనంలో పత్రికల్లో పడిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు ఒక్కటే, పేర్లు వేరు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళితుల పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. ఇక్కడా విదేశీ విశ్వవిద్యాలయం ఉంది, విదేశీ ఆచార్యుడు ఉన్నాడు. కాబట్టి బయటి చెయ్యి అంటుకుంటేనే పరిశోధన మైలపడుతుందనే వాదన మాది కాదు. తేడా ఎక్కడుందంటే, ప్రశ్న రాసేచోట దళిత పరిశోధకుడు కూచున్నాడు. పేదోడు ఎట్లా బతుకుతున్నడు అని అడగలేదు, తలుపు ఎవరు మూస్తున్నరు అని అడిగారు.

అంతకుముందు చరిత్రలో దీనికి మూలపురుషుడు బాబాసాహెబే. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన మూడేళ్ల స్కాలర్‌షిప్పుతో అంబేద్కర్ న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ ఆచార్యుని సెమినార్‌లో భారతదేశంలో కులాల పుట్టుక మీద పత్రం చదివారు. మన అధ్యయనాలకు పడిన మొదటి విత్తనం అదేనంటాం. ఆ సొమ్ముకు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలన్న షరతు ఉంది, కానీ కులం మీద అడగొద్దన్న షరతు లేదు.

ఇప్పుడు షరతులు చూడండి. కేంద్రం 1954-55లో మొదలుపెట్టిన జాతీయ విదేశీ విద్యా స్కాలర్‌షిప్పు ముఖ్యంగా ఎస్సీ విద్యార్థులది. 2022లో దాని మార్గదర్శకాల్లో, భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చేసే పరిశోధనకు ఆ డబ్బు ఇయ్యమని రాశారు. అంటే ఔరేపల్లి మీద చికాగోలో వ్యాసం రాయొచ్చు. నవాబుపేట వాడలో పుట్టిన పిల్ల మాత్రం తన వాడ గురించి చదవడానికి ఆ డబ్బుతో చికాగో పోరాదు! 2018లో 418 కోట్లతో వచ్చిన 'స్పార్క్' పథకం విదేశీ విశ్వవిద్యాలయాలతో ఉమ్మడి పరిశోధన కోసం. దానికి అర్హత ర్యాంకులు, న్యాక్ మార్కులు ఉన్న సంస్థలకే. మన పిల్లలు ఎక్కువగా చదివే జిల్లా డిగ్రీ కాలేజీలకు ఆ గడప ఎత్తు. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, వచ్చిన విరాళాన్ని ఒక సంస్థ మరో సంస్థకు పంచరాదన్నారు. పెద్ద సంస్థ ద్వారా చిన్న దళిత బృందానికి అందే నాలుగు గింజలు కూడా దానితో ఆగిపోయాయి.

యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లం మేం. మనలో చాలామంది ఈ పరిశోధనల్లోకి ప్రవేశించేది సర్వే కాగితాలు పట్టుకుని తిరిగే రోజుకూలీలుగా. వాడ భాష మనకొస్తుంది కాబట్టి మనల్ని పిలుస్తారు, ప్రశ్నలు రాసేటప్పుడు పిలవరు. అందుకే మనం అడగాల్సినవి పెద్ద గ్రాంటులు కావు, మొదటి చిన్న సొమ్ములో వాటా. ప్రశ్నలు రాసే రోజున వాడ నుంచి వచ్చిన పరిశోధకులు సమాన భాగస్వాములుగా కూచోవాలె. లెక్కలు రాసినవాళ్ల పేరు వ్యాసం మీద ఉండాలె. ఏ ఊళ్లో లెక్కలు తీశారో ఆ ఊరికి తేలింది తెలుగులో తిరిగి రావాలె. 2022 నాటి ఆ షరతు పోవాలె.

విద్యార్థులు, ఉపాధ్యాయులు, కార్యకర్తలు తమ ఊరి మీద అచ్చయిన పరిశోధన ఏదైనా చేతికందితే, చివరి పేజీలోని తీర్పు కన్నా ముందు మొదటి పేజీ అడుగున ఉన్న కృతజ్ఞతలు చదవండి. సొమ్ము ఎవరిదో అక్కడ ఉంటుంది. ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో దాన్నిబట్టి తెలుస్తుంది.