చీఁకటియు లోపమును

గద్వాల మండలమందలి యాలంపురమున, తుంగభద్రయొడ్డున, బాదామి చాళుక్యులకాలపు నవబ్రహ్మాలయములు కలవు. వానిలోఁ బెక్కింట గర్భగృహముచుట్టును లోపలనే ప్రదక్షిణపథ మున్నది. జాలగవాక్షముకడ వెలుతురు, గోడకడఁ జీఁకటి, మరల వెలుతురు. నేనును బెక్కుమాఱులు దీని నెఱుంగకయే నడచితిని. యూరపుఖండపుఁ బ్రయోగచిత్రములు రెంటినిగూర్చి తెలిసికొన్నపిమ్మట నా నడక జ్ఞప్తికి వచ్చినది. వానికిని నాలంపురమునకును సంబంధము కలదని నేను జెప్పను. అట్టి పోలికలు మన పత్రికలలోఁ జాలినన్ని వెలసినవి.

1952లోఁ బారిసున గీ దెబోరు బొమ్మయే లేని చిత్రమును బ్రదర్శించెను. మాట వినఁబడినపుడు తెల్లనితెర, మౌనమందు నల్లనితెర. తుదను 24 నిమిషములు చీఁకటియు మౌనమునే. తొలిప్రదర్శనము నడుమనే యాపివేయఁబడినది. ఇది పొట్టిచిత్రము కాదు. పొట్టిది వియన్నాకుఁ జెందిన పీటరు కుబెల్కా 1960లోఁ బూర్తిచేసిన ‘ఆర్నుల్ఫ్ రైనర్’. అందు నల్లపటములు, తెల్లపటములు, ధ్వని, నిశ్శబ్దము, ఈ నాలుగే. ఒక్కొక్కభాగమునకు 576 పటములు, భాగములు 16, వెరసి 9216. సెకనునకు 24 చొప్పున 6 నిమిషముల 24 సెకనులు. ‘ఏమియు లేనిదానికి నింత లెక్కయా’ యని నవ్వువారు కలరు.

ఆ నవ్వు తర్కమునకు నిలుచునా? చీఁకటి నల్లనిది, కదలునది, కావున ద్రవ్యమే యని భాట్టమీమాంసకులు. తేజోభావమే చీఁకటి, నలుపును గదలికయు భ్రాంతులని నైయాయికులు. ఆంధ్రుఁడగు నన్నంభట్టు 17వ శతాబ్దిలోఁ దర్కదీపికయందు నీ రెండవపక్షమునే స్థాపించెను. గద్వాల, వనపర్తి సంస్థానములు పండితులను బోషించిన సీమలో నిది క్రొత్తవాదము కాదు. అభావమేయైనచోఁ గుబెల్కా లెక్కించిన దేమి? ‘ఫిలిమును లెక్కించెను, ఫిలిము ద్రవ్యము, తెరమీఁదిది యభావమే’ యని నైయాయికుఁ డనును. మంచిదే. కాని నల్లపటమును దొలఁగించినచోఁ జిత్రము మాఱును, ప్రక్కనున్న తెల్లదనముయొక్క తీవ్రతయు మాఱును. వట్టి లేమి యీ పని నెట్లు చేయును?

ఇచ్చట వ్యాకరణము నాశ్రయింపవలెను. పాణినిమతమున లోపమనఁగా నదర్శనము, నాశము కాదు. ప్రత్యయము లోపించినను దన్నిమిత్తకమగు కార్యము నిలుచును. ‘అగ్నిచిత్’ అనుచోట క్విప్ప్రత్యయ మొక్క వర్ణమైన మిగులక పోయినది. ఐనను దుదితకారము దానివలననే వచ్చినది. కుబెల్కా నల్లపటమును నట్టిదే: కనఁబడదు, చోటు విడువదు, పొరుగుదానిని మార్చును. ద్రవ్యమనుటకంటెను, నభావమనుటకంటెను లోపమనుటయే నాకు సమ్మతము. ఆ యన్నంభట్టే పాణినిసూత్రములకు మితాక్షర యను వృత్తియు వ్రాసెను. తర్కదీపికను బాఠముచెప్పు పండితులు తమఃప్రకరణమువేళ నా వృత్తినిఁ గూడఁ బ్రక్కనుంచుకొందురుగాక.