జీతం, పరపతి, కార్డు: నానక్‌రామ్‌గూడలో నిలబడి చూసిన అప్పుల చరిత్ర

తెలుగులో పరపతి అనే మాటకు రెండర్థాలున్నాయి. 'ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం' అని బోర్డు మీద రాస్తే అది అప్పు. 'ఆయనకు ఊళ్లో మంచి పరపతి ఉంది' అంటే అది పలుకుబడి. ఈ రెండూ ఒకే మాటలో ఇమడడం ఊరికే జరిగింది కాదు. ఎవరి మాట చెల్లుతుందో వాళ్లకే అప్పు పుట్టింది, అప్పు పుట్టినవాళ్ల మాటే చెల్లింది. మాలవాడకూ మాదిగవాడకూ ఈ మాట రెండర్థాల్లో ఏదీ దక్కలేదు. అప్పు మాత్రం ఉండేది. మెడదాకా ఉండేది.

అప్పిచ్చేవాడు తీసుకునేవాణ్ని తూకం వేయడం కంప్యూటర్‌తో మొదలైందని అనుకోవడం పొరపాటు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో వడ్డీ లెక్క ఉంది. నెలకు నూటికి బ్రాహ్మణుడి దగ్గర రెండు, క్షత్రియుడి దగ్గర మూడు, వైశ్యుడి దగ్గర నాలుగు, శూద్రుడి దగ్గర అయిదు తీసుకోవచ్చు. కులం కిందికి దిగేకొద్దీ వడ్డీ పైకి ఎక్కుతుంది. పంచముడి ఊసే ఆ లెక్కలో లేదు. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో తగలబెట్టిన పుస్తకం ఇదే. అంటరానితనం కోసం తగలబెట్టారని ఏటా చెప్పుకుంటాం గానీ, అందులో ఈ వడ్డీ పట్టిక కూడా ఉందని మన సభల్లో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నిజాం ఇలాకాలో ఈ సంబంధానికి భాగేలా అని పేరు. పెళ్లికో చావుకో కరువుకో దొర దగ్గర కొంత సొమ్ము తెచ్చుకోవడం, అది తీరేదాకా దొర పొలంలో, గడీలో పనిచేయడం. లెక్క దొర చేతిలో, వేలిముద్ర మనది. తండ్రి చేసిన అప్పుకు కొడుకు పనిలో చేరేవాడు. దీన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వమే ఒక చట్టం తెచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన గడీ తలుపులు తెరుచుకుంటాయా? 1975 అక్టోబర్‌లో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అయింది. దాని ఆరో సెక్షన్ ప్రకారం వెట్టి అప్పు తీర్చాల్సిన బాధ్యతే రద్దయిపోతుంది. ఆ చట్టం దేశంలోని వెట్టి పద్ధతులను పేరుపేరునా రాసింది. వాటిలో భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది.

ఆ 'జీత' దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తెలంగాణలో జీతం ఉండడమంటే ఏడాదికి ఇంతని దొర ఇంట్లో పనికి కుదరడం, జీతగాడంటే అలా కుదిరినవాడు. ఇవాళ నానక్‌రామ్‌గూడలో 'జీతం పడిందా?' అంటే ఒకటో తారీఖున ఫోనులో వచ్చే మెసేజి. చట్టం నిషేధించిన మాటనే నెలనెలా సంతోషంగా పలుకుతున్నాం!

బ్యాంకులు మన దాకా రావడానికి చాలా కాలం పట్టింది. 1969 జూలైలో 14 బ్యాంకులు జాతీయమయ్యాయి. 1972లో నిరుపేదలకు 4 శాతం వడ్డీ పథకం వచ్చింది. 1974లో రాష్ట్రంలో ఎస్సీ కార్పొరేషన్ పుట్టింది. మార్జిన్ మనీ కార్పొరేషనే ఇచ్చినా, మేనేజరు సంతకం కోసం చెప్పులరిగేలా తిరిగిన కథ ప్రతి వాడలోనూ ఉంటుంది, ఇక్కడ మళ్లీ చెప్పను. అదే కాలంలో పైన ఇంకో కథ నడిచింది. ఆంధ్రా బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశంలో ఈ పని తొలుత చేసిన బ్యాంకుల్లో అదొకటి. వెట్టి అప్పు రద్దయి అప్పటికి ఆరేళ్లు. ఒకరికి ప్లాస్టిక్ ముక్క మీద అప్పు గౌరవమైంది, ఇంకొకరికి అప్పు నుంచి బయటపడడమే గౌరవం.

ఇక నానక్‌రామ్‌గూడ. శేరిలింగంపల్లి మండలంలో ఒకప్పటి పల్లె. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ పడమటికి పాకి, ఇక్కడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లేచింది. దేశదేశాల బ్యాంకుల లెక్కలు ఈ అద్దాల భవనాల్లో తేలుతుంటాయి. 2016 డిసెంబర్‌లో ఇదే నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి, విజయనగరం వైపు నుంచి వలసొచ్చిన కూలీలు శిథిలాల కింద పోయారు. పక్కనే అంత అప్పుల లెక్క జరుగుతున్నా, అడ్డా కూలీకి మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సే ఇప్పటికీ పరపతి.

మన పిల్లల సంగతి వేరు. సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివి, ఇక్కడ మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఒక బ్యాంకులో మొదటి కార్డుకు దరఖాస్తు పెట్టినప్పుడు లేదన్నారు. కారణం అడిగితే 'హిస్టరీ లేదు' అన్నారు. మా నాయన ఎవరికీ బాకీ పడకుండా బతికాడు. అది ఈ లెక్కలో మంచి చరిత్ర కాదు, అసలు చరిత్రే కాదు. 2000లో పుట్టిన సిబిల్ లాంటి సంస్థలు 300 నుంచి 900 దాకా మార్కులు వేస్తాయి. 750 దాటితే మంచిదంటారు. ఎన్నడూ బ్యాంకు అప్పు చేయనివాడికి మార్కే ఉండదు. చరిత్ర లేదన్న ఒక్క సాకుతో తొలి దరఖాస్తును తోసేయకూడదని రిజర్వు బ్యాంకు ఇప్పుడు చెబుతోంది. కౌంటరు దగ్గర అది ఎంతవరకు అమలవుతుందో చూడాలి.

అందుకే హాస్టల్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది, మాల్‌లో నిలబడి ఫారం నింపించే ఏజెంటు దగ్గర మొదలుపెట్టొద్దని. ఒకేసారి నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెడితే ఆ నాలుగూ రికార్డుకెక్కి, అప్పు కోసం ఆరాటపడుతున్నట్టు కనిపిస్తుంది. ఖాతా ఉన్న బ్యాంకులోనే చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని పూచీ మీద ఏటా ఫీజు లేని కార్డు తీసుకోవచ్చు. అడగాల్సింది బహుమతి పాయింట్ల గురించి కాదు, వడ్డీ గురించి. లిమిట్‌లో మూడో వంతు దాటకుండా వాడి, గడువు లోపల మొత్తం బిల్లు కట్టేస్తే వడ్డీ పడదు, చరిత్ర పెరుగుతుంది.

మొత్తం కట్టకపోతే? అక్కడుంది అసలు కథ. కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ మామూలు. మన ఊరి లెక్కలో మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. 20,000 బాకీ మీద నెల వడ్డీ 700, దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మినిమమ్ అయిదు శాతం అనుకుంటే కట్టేది 1,000. అసలు తగ్గేది 174 రూపాయలు. పైగా బాకీ ఉండగా కొన్న కొత్త వస్తువుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ. ఏడాదికి 30 శాతం మించితే అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మనువు వైశ్యుడికి వేసిన రేటుకు ఇది దగ్గర్లోనే ఉంది, కాకపోతే కులంతో పనిలేకుండా అందరికీ!

మన ఉద్యమాలు కూడా ఒక విషయం ఒప్పుకోవాలి. 2010లో మైక్రోఫైనాన్స్ వేధింపుల మీద రాష్ట్ర ప్రభుత్వం అక్టోబర్‌లో ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు కట్టొద్దని ఊరూరా చెప్పాం. అది న్యాయమే, ఇళ్లకు తాళాలేసి ఆడవాళ్లను అవమానిస్తుంటే ఇంకేం చెబుతాం? అయితే ఆ తర్వాతే చిన్న అప్పులు కూడా క్రెడిట్ బ్యూరోల్లోకి ఎక్కసాగాయి. ఇప్పుడు బాకీలో కొంత కట్టి రాజీపడితే 'సెటిల్డ్' అని రాస్తారు. బాకీ తీరిపోయిందని అమ్మ సంతోషపడుతుంది. కొడుకు చదువు అప్పుకు ఆమె సంతకం పెట్టిన రోజు ఆ ముక్క బయటికొస్తుంది. మొత్తం తీర్చి 'క్లోజ్డ్' అని రాయించుకోవడం వేరు, సెటిల్డ్ వేరని గ్రూపుల్లో మనం చెప్పలేదు.

రిపోర్టులో కులం కాలమ్ లేదు. చిరునామా ఉంది. కొన్ని పేటలను బ్యాంకుల వాడుకలో 'నెగటివ్ ఏరియా' అంటారని అందరికీ తెలుసు. ఆ పేటల్లో ఎవరుంటారో చెప్పాలా? అయినా దొర చిట్టాకూ దీనికీ ఒక తేడా ఉంది. ఆ చిట్టాను మన తాతలు తెరిచి చూడలేదు. 2005 చట్టం మన రిపోర్టు చూసే హక్కు ఇచ్చింది. ప్రతి సంస్థా ఏడాదికోసారి ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నియమం. తప్పు రాస్తే ఫిర్యాదు చేయొచ్చు, 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. కుల ధ్రువీకరణ పత్రానికి అర్జీ రాసిపెట్టేవాళ్లు మన సంఘాల ఆఫీసుల్లో ఉన్నారు. ఈ అర్జీ రాసిపెట్టేవాళ్లు ఇంకా కనిపించలేదు.